సొర నూనె పూసిన కారు

ఆదివారం పొద్దున్న ఏడు కాకముందే శ్రీసత్య పెద్ద గిన్నెలో ఉప్మాకి ఎసరు పెట్టింది. ఎనిమిది మంది వస్తారని భర్త చెప్పాడు. ఆ చెప్పినవాడు అప్పటికి మూడు చొక్కాలు తొడిగి విప్పి, నాలుగోది ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

"టీలో ఏలకులు వేశావా?" అనడిగాడు ఉమామహేష్.

"వేశాను. అల్లమూ వేశాను. ఇంకోసారి అడిగారంటే ఈ గరిట మీ చేతికిచ్చి నేను పడుకుంటాను."

అతని కంగారుకి కారణం ఉంది. ఊళ్ళోని పాత కార్ల క్లబ్బు వాళ్ళు మొదటిసారి అతనింటికి వస్తున్నారు. సీతమ్మధారలోని ఆ అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లోనే టిఫిను, టీ. ఆ తర్వాత అందరూ వరసగా కార్లేసుకుని బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దాకా వెళ్ళాలి. ఉమామహేష్ కారు నలుగురిలోకీ రావడం కూడా ఇవాళే మొదలు.

రెండేళ్ళ క్రితం అనకాపల్లిలో ఒక బెల్లం వ్యాపారి గోడౌన్‌లో దొరికిందది. పాతికేళ్ళ నాటి స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, పైన వెనక్కి మడిచేసే గుడ్డ కప్పు. అప్పటికి ఆ కప్పు చిరిగి పీలికలైంది, డ్రైవరు సీట్లో కోడి గుడ్లు పొదుగుతోంది. "కోడిని కూడా కలిపి ఇస్తారటా?" అని శ్రీసత్య అక్కడే అడిగింది. పోర్టులో క్రేన్ల మెయింటెనెన్స్ ఇంజనీరైన ఉమామహేష్ ఆ రోజు నుంచి సెలవన్నది ఎరగడు. ఇంజను మార్చాడు, బ్రేకులు మార్చాడు, వెడల్పాటి చక్రాలు తొడిగాడు, ఎర్ర రంగు వేయించాడు. వన్ టౌన్‌లో కరీం బాషా చేత తోలు సీట్లు, కొత్త నల్ల కాన్వాస్ కప్పు కుట్టించాడు. భార్య పుట్టినరోజు మర్చిపోయాడు గానీ ఆ కారులో ఒక్క బోల్టు మర్చిపోలేదు.

ఈ రెండేళ్ళూ ఆ పని చూస్తూ కూర్చున్న మనిషి ఒకడున్నాడు. ఉమామహేష్ తండ్రి గురువులు. ఫిషింగ్ హార్బర్‌లో ముప్పై రెండేళ్ళు మరబోటుకి సరంగుగా చేశాడు. బోటు నడపడం, ఎటు పోవాలో చెప్పడం, వల ఎక్కడ దించాలో చూపించడం, పన్నెండు మందినీ ప్రాణాలతో ఒడ్డుకి చేర్చడం సరంగు పని. భార్య సీతాలు పోయాక కొడుకు దగ్గరికి వచ్చేశాడు. సాయంత్రమయ్యేసరికి కిందికి దిగి, చెప్పులు స్తంభం దగ్గర విడిచి, ఉత్త కాళ్ళతో కారు దగ్గరికొచ్చి, బోర్లించిన బకెట్ మీద కూర్చునేవాడు.

"చెప్పులేసుకో నాన్నా. చూసినోళ్ళు పనోడనుకుంటారు," అనేవాడు ఉమామహేష్.

"అనుకోనీరా. ఆళ్ళ నోరు, ఆళ్ళ ఇష్టం," అని నవ్వి గురువులు అలాగే కూర్చునేవాడు.

సలహా ఏదైనా చెప్పబోతే మాత్రం కొడుకు చెప్పనిచ్చేవాడు కాదు. "నీకు తెలీదు నాన్నా, ఇది పడవ కాదు," అనేవాడు. పది రోజుల క్రితం పైపుతో నీళ్ళు కొట్టి చూస్తే కొత్త కప్పు కుట్ల దగ్గర కారి, లోపలున్న ఉమామహేష్ ఒళ్ళో టపటపా పడ్డాయి. సూది పడిన ప్రతి కంతలోంచీ నీళ్ళే. దానికి వేరే ఊరి నుంచి మందు తెప్పించాలన్నాడు కరీం బాషా. ఆ మందు ఇంకా రాలేదు. వాన రాకుండా ఉంటే చాలనుకున్నాడు ఉమామహేష్. బకెట్ మీది పెద్దమనిషి ఏమనుకున్నాడో ఎవరూ అడగలేదు.

ఇక్కడే ఒక సంగతి చెప్పుకోవాలి. చెప్పుకోవడానికి బాగుండదు గానీ చెప్పకపోతే కథ లేదు. క్లబ్బులో చేరిన రోజు దాని ప్రెసిడెంట్ డాక్టర్ దేవీప్రసాద్ మామూలుగానే అడిగాడు, "మీ నాన్నగారేం చేసేవారు?" అని. చుట్టూ ఉన్నవాళ్ళ తాతలకి కూడా కార్లున్నాయి. "షిప్పింగ్‌లో కెప్టెన్ అండీ," అనేశాడు ఉమామహేష్. ఇప్పుడెక్కడున్నారంటే "కొచ్చిన్‌లో, మా అన్నయ్య దగ్గర," అన్నాడు. ఒక్క నిమిషంలో తండ్రిని కొచ్చిన్ పంపేసి, లేని అన్నయ్యని పుట్టించాడు. అందుకే నిన్న భోజనాల దగ్గర తల వంచుకుని, "నాన్నా, రేపు పొద్దున్న ఓ పూట హార్బర్‌కి, సింహాద్రి మావ దగ్గరికెళ్ళొస్తావా?" అనడిగాడు. గురువులు కారణం అడగలేదు. "అలాగేరా," అన్నాడు.

ఎనిమిదింటికి ఉమామహేష్ కిందికి దిగాడు. గురువులు అప్పటికే అక్కడ ఉన్నాడు. లుంగీ ఎగ్గట్టి, చేతిలో గుడ్డ, పక్కన ఒక పాత డబ్బా.

"ఇంకా వెళ్ళలేదా నాన్నా?"

"ఎల్తన్నాన్రా. అద్దాలు ఓపాలి తుడిసీసి ఎల్దారని."

ఉమామహేష్ కారు మీద ముసుగు లాగాడు. లాగీ లాగగానే గుప్పుమంది వాసన. మూడు రోజులుగా ముసుగు కింద మగ్గిన చేపల వాసన. నల్లటి కప్పు మీద కుట్ల పొడవునా జిగురుజిగురుగా ఏదో మెరుస్తోంది.

"ఏటిది నాన్నా?" కంగారులో అతనికి హార్బర్ మాటే వచ్చేసింది.

"కోప్పడకు. నువ్వు డ్యూటీలో ఉన్నావు కదా, గురువారం ఓపాలి, సుక్కురారం ఓపాలి పూసీసినాను. సొరసేప నూనెలో గుగ్గిలం ఏసి కాసినాను. సింహాద్రి ఇచ్చినాడు నూనె. మన బోటు సెక్కల సందులకి ఇదే కదరా పూసీవోళ్ళం. ఇంక సుక్క దిగదు సూడు."

"సొర నూనా! నా కారుకా! నిన్నెవరు పుయ్యమన్నారు నాన్నా? ఇప్పుడు వాళ్ళొచ్చేత్తన్నారు, ఏటి సెయ్యమంటావ్ నన్ను?"

గురువులు నోరు తెరిచేలోపే గేటు దగ్గర హారన్లు మోగాయి. పచ్చది, తెల్లది, నీలంది, ఒకదాని వెనక ఒకటి గుడ్డ కప్పుల కార్లు లోపలికొచ్చాయి. ముందు దిగినవాడు దేవీప్రసాద్. రెండు అడుగులేసి ఆగి ముక్కు ఎగబీల్చాడు.

"ఏంటోయ్ ఉమామహేష్, కారులో చేపల పులుసు పెట్టావా?"

అందరూ నవ్వారు. ఒకావిడ చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఉమామహేష్ చెవులు ఎర్రబడ్డాయి. దేవీప్రసాద్ చూపు కప్పు మీంచి డబ్బా మీదికి, డబ్బా మీంచి ఉత్త కాళ్ళతో నిలబడ్డ ముసలాయన మీదికి పోయింది.

"ఈయనేనా ఇది పూసింది? మీ వాచ్‌మనా?"

కాదని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? మా నాన్న అనడానికి ఎన్ని మాటలు కావాలి? ఉమామహేష్ తండ్రి వైపు చూడలేదు. కారు చక్రం వైపు చూశాడు.

"ఆఁ," అన్నాడు.

గురువులు కొడుకు మొహంలోకి ఒకసారి చూశాడు. గుడ్డ భుజాన వేసుకుని రెండు చేతులూ జోడించాడు.

"తప్పైపోనాది సారూ. తెలీక పూసీసినాను," అని దేవీప్రసాద్‌తో అన్నాడు. తర్వాత కొడుకు వైపు తిరిగి, "తుడిసెయ్యమంటారా సారూ?" అన్నాడు.

ఉమామహేష్ వంగి చక్రం మీద లేని మట్టి తుడిచాడు.

"ఇప్పుడు తుడిచేం లాభంలే. పాపం, మంచికే చేసుంటాడు," అన్నాడు దేవీప్రసాద్. ఆయన చెడ్డవాడేం కాదు. "ఆ కుర్చీలు కాస్త ఇలా తెచ్చి వెయ్యి బాబూ. ఆడవాళ్ళు నిలబడే ఉన్నారు."

గోడకి చేర్చిన ప్లాస్టిక్ కుర్చీలు రెండేసి చొప్పున గురువులు మోసుకొచ్చి వేశాడు. నాలుగుసార్లు తిరిగాడు. తండ్రి మోకాలి నొప్పి సంగతి కొడుక్కి తెలుసు. మొన్ననే మాత్రలు తెచ్చింది అతనే. అయినా ఒక్క కుర్చీ అందుకోవడానికి అతని కాళ్ళు కదల్లేదు. ఆఖరి కుర్చీ వేస్తుండగా ఉమామహేష్ తలెత్తాడు. మెట్ల మీద టీ ట్రేతో శ్రీసత్య నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో మరి.

దిగొచ్చి ట్రే కారు బానెట్ మీద పెట్టేసి ఆమె పైకి వెళ్ళిపోయింది. కారు తాళం తెస్తానని చెప్పి ఉమామహేష్ వెనకాలే వెళ్ళాడు.

"మావయ్య చేత కుర్చీలు మోయించారా?" వంటింట్లోంచే అడిగింది.

"నెమ్మదిగా సత్యా. కిందికి వినిపిస్తుంది."

"వినిపించనివ్వండి! నేనే దిగి చెబుతాను, ఆయన మా మావగారని. నాకేం సిగ్గు లేదు."

"ఒక్క పూట ఓర్చుకో. కెప్టెనని చెప్పాను, కొచ్చిన్‌లో ఉన్నారని చెప్పాను. ఇప్పుడు కాదంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను? సాయంత్రం నేనే నాన్న కాళ్ళు పట్టుకుంటాను."

"సాయంత్రం పట్టుకునే కాళ్ళు పొద్దున్న కనిపించలేదా? చెప్పులైనా లేకుండా అంతమంది మధ్యలో తిరిగాయి కదండీ!" ఆమెకి ఏడుపొచ్చేసింది. "మీ ఇంజనీరింగ్ ఫీజు కోసం తుఫానని తెలిసీ బోటు తీసిన మనిషని మీరే నాకు చెప్పారు. ఆ మనిషిని ఆఁ అని ఒక్క ముక్కతో తీసేశారు."

ఉమామహేష్ తాళం తీసుకుని దిగిపోయాడు. కింద తండ్రి కనిపించలేదు. స్తంభం దగ్గర చెప్పులూ లేవు.

రుషికొండ దాటేసరికి సముద్రం మీంచి నల్లగా మబ్బు పట్టింది. ఆశ్వయుజం వాన, చెప్పా పెట్టకుండా కుమ్మరించింది. అందరూ రోడ్డు వారగా కార్లాపి కప్పులు పైకి లాగారు. గాలికి కప్పుల మీద నీళ్ళు ఈడ్చి కొడుతున్నాయి. ఉమామహేష్ తన కారులో కూర్చుని చుక్క పడుతుందని ఎదురు చూశాడు. ఒళ్ళో పడుతుందనుకున్నాడు, మెడ మీద పడుతుందనుకున్నాడు. ఎక్కడా పడలేదు. కుట్లు నీళ్ళని జార్చేస్తున్నాయి.

లోపలంతా సొర నూనె వాసన. ఆ వాసన అతనికి కొత్తది కాదు. పెద్ద వేట నుంచి తండ్రి తిరిగొచ్చినప్పుడు మెడ పట్టుకుని వేలాడేవాడు, అప్పుడు ముక్కుకి తగిలేది ఇదే. ఆ వాసనొచ్చిందంటే నాన్న బతికే వచ్చాడని లెక్క. అమ్మ అప్పుడు గానీ అన్నం తినేది కాదు. ఆ వాసనకి ఇవాళ పొద్దున్న తను సిగ్గుపడ్డాడు. ఉమామహేష్ స్టీరింగ్ మీద తల వాల్చేశాడు.

టపామని తలుపు తీసుకుని దేవీప్రసాద్ పక్క సీట్లోకి దూకాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"నా కారు చెరువైపోయిందయ్యా! వేలకి వేలు పోసి కప్పు వేయించాను." తల తుడుచుకుంటూ పైకి చూశాడు. కుట్ల మీద వేలు పెట్టి రాశాడు. "అరె, చుక్క లేదే! వాసనైతే ఉంది గానీ పనితనం చూడు. ఎక్కడ దొరికాడు నీకా వాచ్‌మన్? ఓసారి మా ఇంటికి పంపు, ఎంతడిగితే అంతిస్తాను."

ఇంకోసారి ఆఁ అంటే సరిపోతుంది. అలాగేనండీ అంటే ఇంకా బాగుంటుంది.

"ఆయన వాచ్‌మన్ కాదండీ," అన్నాడు ఉమామహేష్. "మా నాన్న."

దేవీప్రసాద్ తుడుచుకోవడం ఆపాడు. "మరి కొచ్చిన్‌లో ఉన్నదెవరు?"

"ఎవరూ లేరు. అన్నయ్య కూడా లేడు. మా నాన్న హార్బర్‌లో మరబోటు సరంగు. నాకు చెప్పుకోవడానికి సిగ్గేసింది."

దేవీప్రసాద్ ఇంకోసారి పైకి, కుట్ల వైపు చూశాడు.

"నీ అబద్ధం నువ్వాడుకున్నావు, సరే," అన్నాడు దేవీప్రసాద్ చివరికి. "కానీ నా చేత మీ నాన్నకి పని చెప్పించావు కదయ్యా! ఆయన కుర్చీ వేస్తే నేను కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. నువ్వు పక్కనే నిలబడి చూశావు. ఎలా చూశావయ్యా?"

ఉమామహేష్ తల దించుకున్నాడు. దేవీప్రసాద్ తలుపు తీసి వానలోకే దిగాడు. మళ్ళీ వంగి లోపలికి చూశాడు.

"సాయంత్రం మీ ఇంటికొస్తాను. ఈసారి కుర్చీలు నేను వేస్తాను. నువ్వు భీమిలి రావక్కర్లేదు. వెనక్కి తిప్పు కారు."

దారిలో ఇంటికి ఫోన్ చేశాడు. శ్రీసత్య ముభావంగానే చెప్పింది. "మావయ్య హార్బర్‌కి వెళ్ళారు. సబ్బుతో చేతులు తోమీ తోమీ ఎర్రగా చేసుకున్నారు. వాసన పోయే మందేదైనా ఉందేమో సింహాద్రి గారిని అడిగొస్తానన్నారు. మీరొచ్చేలోపు కారు తుడిచేస్తారట."

కోపంతో వెళ్ళాడంటే బాగుండేది. ఉమామహేష్‌కి రోడ్డు కనిపించడం మానేసింది. పక్కకి ఆపి కళ్ళు తుడుచుకుని మళ్ళీ బయల్దేరాడు.

హార్బర్ చేరేసరికి వాన వెలిసింది. చేపల వేలంపాట ఎప్పుడో అయిపోయింది. ఒడ్డుకి లాగిన ఒక బోటు పక్కన సింహాద్రి చెక్క చిత్రిక పడుతున్నాడు. ఐస్ పెట్టె మీద గురువులు కూర్చుని ఉన్నాడు. ఎర్ర కారు చూసి గబుక్కున లేచి నిలబడ్డాడు. తనని చూసి తండ్రి లేచి నిలబడడం ఉమామహేష్ పుట్టాక ఇదే మొదలు.

"నీ నేస్తులు ఎల్లిపోనారేట్రా అప్పుడే?" అన్నాడు గురువులు. "నాదే తప్పురా. పడవకైతే పూసినాక వారం ఎండలో ఉంచుతాం. అప్పుడు గానీ వాసన పోదు. నాను గుడ్డ కప్పీసినాను, అంతా లోపలే ఉండిపోనాది. అన్నీ తెల్సుననుకుంటాను, ముసలోణ్ణైపోనాను. సున్నపు తేట రాస్తే వాసన పోద్దంటన్నాడు సింహాద్రి..."

"ఒక్క చుక్క దిగలేదు నాన్నా."

"ఏటీ?"

"రుషికొండ దగ్గర కుండపోత. అందరి కార్లూ తడిసిపోయాయి. మన కారులో ఒక్క చుక్క దిగలేదు."

గురువులు మొహం వెలిగిపోయింది. "ఇన్నావా సింహాద్రీ! నాన్సెప్పలేదా? ఏటనుకున్నావ్ సొర నూనంటే!"

ఆ సంతోషం చూడలేక ఉమామహేష్ అక్కడే, తడి నేల మీద కూలబడిపోయి తండ్రి కాళ్ళు పట్టుకున్నాడు. "పొద్దున్న నాను... నిన్ను..."

"లెగు, లెగరా. అందరూ సూత్తన్నారు."

"చూడనీ. నువ్వెందుకన్నావు నాన్నా సారూ అని? ఒక్క లెంపకాయ కొట్టుంటే పోయేది కదా!"

గురువులు కాసేపు బోటు వైపు చూశాడు. "నీ నోట ఆ మాట వచ్చీసినాది. ఇంక నాను కాదంటే అంతమందిలో నువ్వేటైపోతావ్? అందుకే అనీసినాను." ఆగి, చెయ్యి కొడుకు తల మీద పెట్టాడు. "కుర్సీలు మొయ్యడం నాకో లెక్కేట్రా? కానీ నొప్పి లేదని అన్ను. ముప్పై రెండేళ్ళు పన్నెండు మంది నా మాట మీద సముద్రంలోకొచ్చినారు. నాను పడవోణ్ణని నా కొడుక్కి సిగ్గని నాకివాళే తెలిసినాది."

ఉమామహేష్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సింహాద్రి చిత్రిక ఆపి అటు తిరిగిపోయాడు. ఆ ఏడుపు ఆగాక కూడా ఉమామహేష్‌కి సిగ్గు తగ్గలేదు. తగ్గకూడదనే అనుకున్నాడు.

లేచి, కారు కప్పు మడిచి వెనక్కి తోశాడు. తలుపు తెరిచాడు. "ఎక్కు నాన్నా."

"వద్దురా. లుంగీ తడిగా ఉన్నాది, సీటు పాడైపోద్ది."

"పాడైపోనీ. ఎక్కు."

రెండేళ్ళలో తండ్రిని ఒక్కసారైనా ఆ సీట్లో కూర్చోబెట్టలేదని ఉమామహేష్‌కి అప్పుడు తట్టింది. ఎర్ర కారు చూసి వలలు బాగుచేసుకుంటున్న నలుగురు దగ్గరికొచ్చారు. "ఎవరిది బావా ఈ బండి?" అని ఒకతను సింహాద్రిని అడిగాడు.

"మా నాన్నది," అన్నాడు ఉమామహేష్ అందరికీ వినిపించేలా. "సరంగు గురువులిది."

గురువులు కారు తలుపు దగ్గర ఆగి, చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నాడు. అది చూసి ఉమామహేష్ ప్రాణం మళ్ళీ చివుక్కుమంది.

"చెప్పులెందుకు నాన్నా విప్పడం? నువ్వు పనోడివి కాదు. వేసుకో."

"పనోడేట్రా?" అన్నాడు గురువులు నిజంగానే అర్థం కాక. "పడవని సెప్పుల్తో ఎక్కుతామేటి ఎక్కడైనా? నువ్వు రెండేళ్ళు కూకుని నీ సేతుల్తో కట్టుకున్నావు దీన్ని. సెప్పుల్తో దీని దగ్గరికి ఎలాగొస్తాను?"

బకెట్ పక్కన ఆ ఉత్త కాళ్ళు రెండేళ్ళుగా ఎందుకున్నాయో ఉమామహేష్‌కి ఇప్పుడు తెలిసింది. వాటిని చూసే కదా దేవీప్రసాద్ వాచ్‌మనా అని అడిగింది. వాటిని చూసే కదా తను ఆఁ అన్నది. తండ్రి జాగ్రత్తగా పాదం లోపల పెట్టి, సీట్లో కూర్చుని, ముందుకి చూస్తున్నాడు.

ఉమామహేష్ డ్రైవరు వైపు తిరిగి వచ్చి తలుపు తీశాడు. ఎక్కబోయి ఆగి, వంగి బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టాడు. కళ్ళ నిండా నీళ్ళుండడంతో ముడి ఒక పట్టాన రాలేదు.